బెత్తం పోయింది, దాని చోటు ఖాళీగానే ఉంది

2025 మార్చిలో విజయనగరం జిల్లాలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడు పిల్లలందరినీ ఒకచోట చేర్చి, వాళ్ల ఎదుట సాష్టాంగపడ్డారు. లేచి, చెవులు పట్టుకుని గుంజీలు తీశారు. పిల్లలు సరిగా చదవడం లేదు, చెబితే వినడం లేదు, మేం కొట్టలేం, తిట్టలేం, కాబట్టి ఆ శిక్షేదో నేనే వేసుకుంటాను అన్నది ఆయన బాధ. వీడియో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఫోను ఫోనుకీ పాకింది. విద్యాశాఖ మంత్రి నారా లోకేశ్ ఆయన్ని మెచ్చుకున్నారు. చూసిన పెద్దలు మాత్రం రెండు జట్లయ్యారు. మాస్టారి చేతిలో బెత్తం లాక్కున్నందుకు ఇదీ ఫలితం అన్నది ఒక జట్టు. గురువంటే ఇలా ఉండాలి, ఒక్క దెబ్బ వేయకుండా పిల్లల మనసు కరిగించాడు అన్నది రెండో జట్టు.

రెండు జట్లూ వదిలేసిన సంగతి ఒకటుంది. ఆ గుంజీలు చూసిన ఎనిమిదో తరగతి కుర్రాడు దానిలోంచి ఏం తీసుకుని ఇంటికెళ్లాడు? పెద్దవాళ్లు తప్పుకి బాధ్యత తీసుకుంటారనా, లేక పెద్దవాళ్ల చేతిలో ఇక ఏమీ లేదనా? పిల్లల పెంపకం గురించి మన ఇళ్లలో, బడుల్లో జరిగే వాదన దాదాపుగా ‘కొట్టాలా, వద్దా’ అన్న చోటే మొదలై అక్కడే ముగుస్తుంది. ఇన్నేళ్లలో మనస్తత్వ శాస్త్రం, చట్టం, మన సాహిత్యం ఈ విషయమ్మీద చెప్పినవన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఆ ప్రశ్నకి జవాబు చాలావరకు తేలిపోయిందనే అనిపిస్తుంది. తేలనివి వేరే ఉన్నాయి, వాటి జోలికే మనం పోవడం లేదు.

విజయనగరం పేరు వచ్చింది కనుక గురజాడని తలుచుకోకుండా ముందుకి పోలేం. 1892లో రంగస్థలం ఎక్కి, 1897లో అచ్చయిన ఆయన నాటకం ‘కన్యాశుల్కం’లో వెంకటేశం అనే పిల్లవాడి చుట్టూ ఇద్దరు పెద్దవాళ్లు ఉన్నారు. ఒకరు తండ్రి అగ్నిహోత్రావధాన్లు. పేరులోనే నిప్పు ఉంది, కోపమొస్తే ముందూ వెనకా చూడడు. రెండోవాడు చదువు చెప్పే గిరీశం. నాటకం మొదలయ్యేసరికే వెంకటేశం చుట్ట కాల్చడం, పరీక్ష పోతే అబద్ధం ఎలా ఆడాలో ఆలోచించడం నేర్చేసుకుని ఉంటాడు. తండ్రి కోపం వాడికి భయాన్ని ఇచ్చింది, గిరీశం ఆ భయాన్ని తప్పించుకునే ఉపాయాలు ఇచ్చాడు. ఒకరిది శిక్ష, మరొకరిది ఆదర్శం. రెండూ కలిసి ఒకే పని చేశాయి. పాఠకుడు నవ్వుకుంటూ దాటేసే ఈ ఏర్పాటులో పిల్లల పెంపకం సమస్య మొత్తం ఉంది.

మన వీధిబడి పంతులు పిల్లల్ని దండించడానికి కనిపెట్టిన పద్ధతులు చూస్తే ఆ తెలివిని మరో పనికి వాడి ఉంటే బాగుండేదనిపిస్తుంది. గోడకుర్చీ, తొడపాశం, మొట్టికాయలు, మోకాళ్ల మీద నిలబెట్టడం, బెంచీ ఎక్కించడం, అన్నిటికన్నా ఘోరంగా కోదండం. దూలానికి కట్టిన తాడు పట్టుకుని పిల్లవాడు వేలాడుతుంటే కింద నుంచి బెత్తం దెబ్బలు పడేవి. బడిలో వేసే తండ్రి కూడా ‘కళ్లు వదిలేసి ఎక్కడైనా కొట్టండి మాస్టారూ’ అని అప్పజెప్పి వెళ్లేవాడు. ఇప్పటికీ అరవై దాటినవాళ్లు నలుగురు కూర్చుంటే ఆ దెబ్బల్ని ముచ్చటగానే చెప్పుకుంటారు. మేం అలా తిన్నాం కాబట్టే ఇలా పైకొచ్చాం అంటారు. అలా తిని బడి మానేసి పశువుల వెంట పోయినవాళ్లు ఆ ముచ్చట చెప్పడానికి ఆ అరుగు మీద లేరన్నది ఎవరికీ తట్టదు.

దీన్ని ఎదిరించిన గొంతులు తెలుగులో కొత్తవి కావు. బడుల తనిఖీ అధికారిగా ఊరూరా తిరిగిన చలం ‘బిడ్డల శిక్షణ’ రాసి, పిల్లల్ని కొట్టే హక్కు పెద్దలకి ఎవరిచ్చారని అడిగాడు. చలం ఆడవాళ్ల గురించి రాసింది మనకి గుర్తున్నంతగా పిల్లల గురించి రాసింది గుర్తు లేదు. అటు భావనగర్‌లో 1920లో బాలమందిరం పెట్టిన గిజుభాయి బధేకా దండన లేని బడిని నడిపి చూపించాడు. అంతకు ముందే దక్షిణాఫ్రికాలో టాల్‌స్టాయ్ ఫారంలో గాంధీ పిల్లలకి చదువు చెబుతూ, అల్లరి చేసే ఒక కుర్రాణ్ణి రూళ్లకర్రతో కొట్టి, ఆ సంగతి ఆత్మకథలో పశ్చాత్తాపంతో రాసుకున్నాడు. తర్వాత ఫీనిక్స్ ఆశ్రమంలో పిల్లలు తప్పు చేస్తే తాను ఏడు రోజులు నిరాహారంగా ఉన్నాడు. విజయనగరం ప్రధానోపాధ్యాయుడి గుంజీలకి మూలం ఈ ఉపవాసంలోనే ఉంది. గాంధీ చేశాడు కనుక ఈ పద్ధతి మంచిదే అనేయలేం. తన వల్ల ఒక పెద్దాయన పస్తున్నాడన్న భారం పన్నెండేళ్ల పిల్లవాడి మీద పెట్టడం కూడా ఒక రకమైన దెబ్బే. గాంధీ దగ్గర అది పని చేసిందంటే, ఆయన పగలూ రాత్రీ ఆ పిల్లలతోనే ఉండి, వాళ్లకి ఏ పని చెబితే ఆ పని తానూ చేసినందువల్ల. ఉపవాసాన్ని మాత్రం తీసుకుని ఆ జీవితాన్ని వదిలేస్తే మిగిలేది తమాషా.

చట్టం విషయానికి వస్తే, ఢిల్లీ హైకోర్టు 2000 డిసెంబరులో ఆ నగరపు బడుల్లో దండనకి వీలిచ్చే నిబంధనల్ని కొట్టేసింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2002లో బడుల్లో శారీరక దండనని నిషేధించింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ దెబ్బలతో పాటు మానసిక వేధింపులకీ అడ్డుకట్ట వేసింది. అయితే ఆ చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలది. ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీలో తెల్లవారుజామున లేచి రాత్రి పది దాకా స్టడీ అవర్లలో కూర్చునే పదహారేళ్ల పిల్ల దాని గొడుగు కిందికి రాదు. ఆమెకి మిగిలింది 2015 బాల న్యాయ చట్టం. అందులోని 75వ సెక్షన్ పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల పట్ల క్రూరత్వాన్ని నేరమంటుంది. కానీ దాన్ని పట్టుకుని పోలీస్ స్టేషన్ మెట్లెక్కే తల్లిదండ్రులు ఎందరుంటారు? ఇక ఇంట్లో కొట్టడాన్ని మన దేశంలో ఏ చట్టమూ నేరుగా నిషేధించలేదు.

చట్టం వచ్చాక దెబ్బలు ఆగాయా? 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ ఆంధ్రప్రదేశ్‌తో కలిపి 13 రాష్ట్రాల్లో 12,000 మందికి పైగా పిల్లలతో మాట్లాడి ఒక నివేదిక ఇచ్చింది. బడికెళ్లే పిల్లల్లో 65 శాతం దెబ్బలు తిన్నామన్నారు. ‘యంగ్ లైవ్స్’ అనే దీర్ఘకాల పరిశోధన 2002 నుంచి రెండు తెలుగు రాష్ట్రాల్లో దాదాపు 3,000 మంది పిల్లలు ఎదిగే తీరును గమనిస్తూ వచ్చింది. అంతకు ముందు వారంలో టీచరు చేతి దెబ్బ తిన్నామన్నవాళ్లు ఎనిమిదేళ్ల పిల్లల్లో నాలుగింట మూడొంతులకు పైనే ఉన్నారు. పదిహేనేళ్లవాళ్లలో అది మూడో వంతుకి పడింది. ఇథియోపియా, పెరూ, వియత్నాం పిల్లల్నీ ఇలాగే అడిగితే ఆ మూడు దేశాలకన్నా మన దగ్గరే దెబ్బలు ఎక్కువ. పెద్దవాణ్ణి వదిలి చిన్నవాణ్ణే ఎక్కువ కొడుతున్నామన్న ఒక్క అంకె చాలు, దీనికీ క్రమశిక్షణకీ సంబంధం లేదని చెప్పడానికి. తిరగబడలేడు కనుక కొడుతున్నాం. బడి ఎందుకు నచ్చదంటే పిల్లలు చెప్పిన కారణాల్లో కొట్టడం, తిట్టడమే ముందున్నాయి.

ఇక దెబ్బ ఏం చేస్తుందన్నది. ఎలిజబెత్ గెర్షాఫ్, ఆండ్రూ గ్రోగన్ కేలర్ అనే ఇద్దరు పరిశోధకులు 2016లో 75 అధ్యయనాల్ని, అంటే సుమారు 1,60,000 మంది పిల్లల వివరాల్ని కలిపి లెక్కవేశారు. తొడ మీదో, పిర్ర మీదో ఒకటి వేసే మామూలు దెబ్బల్నే తీసుకున్నారు. చూసిన 17 విషయాల్లో 13 చోట్ల దెబ్బకీ చెడుకీ సంబంధం కనిపించింది: దూకుడు, దిగులు, తల్లిదండ్రులతో ఎడం లాంటివి. మంచి వైపు తేలింది ఒక్కటీ లేదు. ఈ లెక్కని అందరూ ఒప్పుకోలేదు. పెంపకం రీతుల మీద 1960ల్లోనే పేరుమోసిన పరిశోధన చేసిన డయానా బామ్రిండ్, గెర్షాఫ్ 2002లో చేసిన ఇలాంటి లెక్కనే తప్పుపట్టారు. ఎప్పుడో ఒకసారి వేసే చిన్న దెబ్బనీ, ఒళ్లు హూనం చేసే బాదుడునీ ఒకే గంపలో వేయకూడదన్నది ఆమె వాదన. ఆ వాదనలో పస ఉంది. పైగా తేలిన సంబంధం కూడా చిన్నదే. అల్లరి పిల్లలకే దెబ్బలెక్కువ పడతాయి కనుక ఏది ముందు, ఏది వెనక అన్న చిక్కూ ఉంది.

మరి ‘మాది అమెరికా కాదు, మా పిల్లలు దెబ్బని అలా తీసుకోరు’ అనేవాళ్ల సంగతేమిటి? ఇది తీసిపారేసే మాట కాదు. జెన్నిఫర్ లాన్స్‌ఫర్డ్ బృందం 2005లో భారత్, చైనా, కెన్యా సహా ఆరు దేశాల్లో సరిగ్గా దీన్నే పరీక్షించింది. కొట్టడం మామూలే అనుకునే సమాజాల్లో పిల్లల మీద దాని దుష్ప్రభావం కొంత తగ్గిన మాట నిజం. తగ్గింది కానీ పోలేదు. చుట్టూ అందరూ తింటున్నారన్న ఓదార్పు దెబ్బ నొప్పిని కొంత మింగుతుంది, అంతే.

నన్ను ఎక్కువగా ఆలోచనలో పడేసింది మాత్రం పశ్చిమాఫ్రికాలో జరిగిన ఒక చిన్న పరిశోధన. విక్టోరియా తల్వార్, కాంగ్ లీ అక్కడి రెండు బడుల్లోని మూడు నాలుగేళ్ల పిల్లల్ని పోల్చారు. ఒక బడిలో తప్పుకి కర్రదెబ్బ, చెంపదెబ్బ. రెండోదాంట్లో మందలింపు. పిల్లవాడి వెనక ఒక బొమ్మ పెట్టి, తిరిగి చూడొద్దని చెప్పి, పెద్దవాళ్లు గదిలోంచి బయటికి వెళ్లారు. రెండు బడుల్లోనూ చాలామంది తిరిగి చూశారు. అంటే దెబ్బల బడి పిల్లలకి నిగ్రహం ఏమీ ఎక్కువ రాలేదు. చూశావా అని అడిగితే దెబ్బల బడి పిల్లలే ఎక్కువ అబద్ధమాడారు. అది కూడా దొరక్కుండా, తెలివిగా ఆడారు. మూడేళ్ల వయసుకే! అగ్నిహోత్రావధాన్ల ఇంట్లో వెంకటేశం తయారైన దారి గురజాడకి ఏ ప్రయోగమూ లేకుండానే తెలిసింది.

ఇలా ఎందుకవుతుందో ఆల్బర్ట్ బాండురా పరిశోధనల్లో జవాబు దొరుకుతుంది. 1961లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు శిశు పాఠశాలలో 72 మంది పిల్లలతో ఆయన చేసిన ప్రయోగం లోకమంతటికీ తెలుసు. గాలి నింపిన పెద్ద బొమ్మని ఒక పెద్దమనిషి సుత్తితో బాదుతుంటే చూసిన పిల్లలు, తమ వంతు రాగానే అదే సుత్తితో, అవే మాటలంటూ బాదారు. తన్నడానికే తయారైన బొమ్మని తంతే అదేం దౌర్జన్యమని విమర్శకులు అడిగారు, సబబే. అంతగా తెలియని మరో ప్రయోగం 1965లోది, నాకు అదే ముఖ్యమనిపిస్తుంది. బొమ్మని బాదిన పెద్దమనిషికి శిక్ష పడటం చూసిన పిల్లలు తాము బాదడం తగ్గించారు. ఇక్కడితో ఆగితే శిక్షే గెలిచినట్టు. బాండురా ఆగలేదు. చూసింది చూసినట్టు చేసి చూపిస్తే బహుమతి ఇస్తామన్నాడు. అప్పుడు అందరూ సమానంగా చేసి చూపించారు. శిక్ష వాళ్ల చేతుల్ని ఆపింది కానీ వాళ్లు నేర్చుకున్నదాన్ని చెరిపేయలేదు. తండ్రి ఎదురుగా ఉన్నంతసేపు సాధువుగా ఉండి, వీధి మలుపు తిరగ్గానే మారిపోయే కుర్రాళ్లని మనం రోజూ చూస్తూనే ఉన్నాం.

తల్లి చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అని మన సామెత. పెద్దల నడతే పిల్లల నడత అని దీనికి అర్థం చెప్పుకుని ఊరుకుంటాం. ఇటీవలి పరిశోధన ఇంకాస్త లోతుకి వెళ్లింది. పెద్దల అలవాట్లే కాదు, పెద్దల మాట మీద నమ్మకం కూడా పిల్లల నిగ్రహాన్ని మారుస్తుంది. మార్ష్‌మెల్లో పరీక్ష గురించి మన వ్యక్తిత్వ వికాస ఉపన్యాసకులు చెప్పని సభ లేదు. మిఠాయి ఎదురుగా పెట్టి, కాసేపు ఆగితే రెండోది ఇస్తామంటారు. ఆగిన పిల్లలు జీవితంలో గొప్పవాళ్లవుతారని ముగిస్తారు. 2018లో దాదాపు 900 మంది పిల్లలతో మళ్లీ చూస్తే, ఇంటి ఆర్థిక స్థితినీ తల్లి చదువునీ లెక్కలోకి తీసుకున్నాక ఆ గొప్పతనం చాలావరకు ఆవిరైంది. ఉపన్యాసాల్లో ఈ ముక్క ఇంకా రాలేదు. సెలెస్ట్ కిడ్ అనే పరిశోధకురాలు 2013లో ఇంకో పని చేసింది. మిఠాయి పరీక్షకి ముందు 28 మంది పిల్లలకి మంచి రంగుల పెట్టె తెస్తామని చెప్పించింది. సగం మందికి తెచ్చి ఇచ్చారు. మిగతా సగానికి ‘లేదమ్మా, పొరపాటైంది’ అని చేతులు ఊపుకుంటూ వచ్చారు. తర్వాత మిఠాయి దగ్గర, పెద్దవాళ్లు మాట నిలబెట్టుకోవడం చూసిన పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పడం చూసిన పిల్లలు మూడు నిమిషాలు. రెండోది వస్తుందని నమ్మకం లేని చోట ఎదురుగా ఉన్నది తినేయడమే తెలివి. నిగ్రహం లేని పిల్లలని మనం తిడుతున్నవాళ్లలో ఎంతమంది మన మాటని తూచి చూసినవాళ్లో!

అబద్ధాల సంగతీ ఇంతే. కాలిఫోర్నియాలో 2014లో 186 మంది పిల్లలతో చేసిన పరిశోధనలో, పక్క గదిలో మిఠాయి ఉందని ఒక పెద్దమనిషి చెప్పిన చిన్న అబద్ధానికి గురైన బడి వయసు పిల్లలు తర్వాతి ఆటలో ఎక్కువ మోసం చేశారు, ఆ మోసాన్ని ఎక్కువగా దాచారు. ‘నాన్న ఇంట్లో లేరని చెప్పు’ అని పిల్లవాడి చేతికి ఫోనిచ్చే ఇంట్లో ఈ ప్రయోగం ఖర్చు లేకుండా రోజూ జరుగుతుంది. మంచి వైపు కూడా ఇది పని చేస్తుంది. జూలియా లియొనార్డ్ 2017లో చూపించినది పదిహేను నెలల పసివాళ్ల గురించి. మూత రాని డబ్బాతో ఒక పెద్దమనిషి పెనుగులాడి చివరికి తీయడం చూసిన పిల్లలు, తమ చేతికొచ్చిన మొండి బొమ్మతో ఎక్కువసేపు కుస్తీ పట్టారు. పట్టుదల గురించి వాళ్లకి ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు.

ఇంతవరకూ వచ్చి ఒక ఎదురుదెబ్బని దాచడం నిజాయితీ కాదు. 1998లో జుడిత్ రిచ్ హారిస్ రాసిన పుస్తకం తల్లిదండ్రులకి మనం ఇచ్చుకుంటున్న ప్రాముఖ్యం చాలావరకు భ్రమ అంది. జన్యువులు సగం, తోటి పిల్లలు సగం అన్నంత పని చేసింది. ఆమెకి ఇష్టమైన సాక్ష్యం భాష. డాలస్‌లో తెలుగు ఇంట్లో పుట్టిన పిల్ల ఇంగ్లీషు మాట్లాడితే అమ్మానాన్నల యాస రాదు, తరగతిలో పిల్లల యాస వస్తుంది. ఇది కాదనలేం. హారిస్ అతిగా అన్నదని తర్వాతి పరిశోధకులు చాలామంది అన్నారు కానీ, పెంపకానికి ముందే పిల్లవాడికి ఒక స్వభావం ఉంటుందనీ, ఆ స్వభావం తల్లిదండ్రుల తీరుని కూడా మారుస్తుందనీ ఇప్పుడు ఎవరూ కాదనరు. మంచి ఇంట్లో చెడిన కొడుకు, తాగుబోతు ఇంట్లో బాగుపడ్డ కూతురు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. పెద్దల నడత పిల్లల్ని అచ్చు పోస్తుందని ఎవరైనా హామీ ఇస్తే నమ్మక్కర్లేదు. పెద్దల చేతిలో ఉన్నది కొంతే. ఆ కొంతనీ ఏం చేస్తున్నామన్నదే ప్రశ్న.

మనం చేస్తున్నది ఒకసారి చూడండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో, కొన్ని కారణాలకి భర్త భార్యని కొట్టడం సబబే అన్న మహిళలు ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ దాదాపు 84 శాతం. దేశంలోనే ముందు వరస. వంట బాగా లేకపోవడం, అత్తమామల్ని గౌరవించకపోవడం లాంటివి ఆ కారణాలు. ఆ ఇళ్లలో ఎదిగే మగపిల్లలకి బడిలో స్త్రీల పట్ల గౌరవం మీద పాఠం పెడుతున్నాం. తండ్రి తల్లిని కొట్టడం చూసిన ఆడపిల్లలు పెళ్లయ్యాక తామూ దెబ్బలు తినే అవకాశం ఎక్కువని అదే సర్వే పదే పదే చూపుతోంది. ఎనిమిదేళ్ల పిల్లని బడిలో కొట్టే అలవాటూ, ఈ 84 శాతమూ వేర్వేరు సమస్యలని నేననుకోను. ప్రేమ ఉన్నవాళ్లకి కొట్టే హక్కు ఉంటుందన్న నమ్మకమే రెండింటికీ వేరు.

రోడ్డు మీదికి రండి. పదమూడేళ్ల కొడుకుని బండి ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని, హెల్మెట్ మోచేతికి తగిలించుకుని, పోలీసు కనబడే కూడలికి వంద గజాల ముందు దాన్ని నెత్తిన పెట్టుకునే తండ్రి ఏం నేర్పుతున్నాడు? చట్టానికి కాదు, పట్టుబడటానికి భయపడాలని. పదిహేనేళ్లకి ఆ కొడుకే బండి తీస్తాడు. 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలోని 199ఎ సెక్షన్ ఇక్కడ తెలివైన పని చేసింది. మైనరు బండి నడిపి నేరం చేస్తే వాహన యజమానికో, సంరక్షకుడికో 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు. బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దు, కుర్రాడికి 25 ఏళ్లు వచ్చే దాకా లైసెన్సు లేదు. పిల్లల తప్పుకి పెద్దల్ని నిలదీసే చట్టాలు మనకి ఎక్కువ లేవు.

నిఘా అనేది మరో పెద్ద భ్రమ. కొడుకు ఎక్కడున్నాడో ఫోన్లో చూసుకోవడం, హాస్టల్లో కెమెరాలు పెట్టించడం, ఫోను లాక్కుని తనిఖీ చేయడం క్రమశిక్షణ అనుకుంటున్నాం. మార్గరెట్ కెర్, హకన్ స్టాటిన్ స్వీడన్‌లో పద్నాలుగేళ్ల పిల్లల్నీ వాళ్ల తల్లిదండ్రుల్నీ అడిగి 2000లో తేల్చింది వేరు. పిల్లల సంగతులు బాగా తెలిసిన తల్లిదండ్రులకి ఆ సంగతులు నిఘా వల్ల తెలియలేదు. పిల్లలే వచ్చి చెప్పారు. దారి తప్పకుండా కాపాడింది కూడా ఆ చెప్పుకునే అలవాటే. చెబితే పెద్దవాళ్లు ఎగిరిపడరన్న ధైర్యం ఉన్న ఇంట్లోనే పిల్లలు చెబుతారు. భయపెట్టి బాగుచేయవచ్చన్న ఆశకి అమెరికాలో పెద్ద పరీక్షే జరిగింది. 1970ల చివర న్యూజెర్సీ జైల్లో యావజ్జీవ ఖైదీల చేత కుర్రాళ్లని హడలగొట్టించే కార్యక్రమం మీద తీసిన డాక్యుమెంటరీకి ఆస్కార్ వచ్చింది. తర్వాత అలాంటి కార్యక్రమాల్ని పద్ధతిగా పరీక్షిస్తే, వెళ్లొచ్చిన కుర్రాళ్లు వెళ్లనివాళ్లకన్నా ఎక్కువ నేరాలు చేశారని తేలింది.

అయితే దండన వద్దంటే అడ్డూ ఆపూ వద్దని కాదు. డయానా బామ్రిండ్ పరిశోధన మొదలుకొని ఇప్పటిదాకా నిలబడిన మాట ఒకటుంది. నిప్పులు కురిసే ఇంట్లోనూ, ఏది అడిగితే అది దొరికే ఇంట్లోనూ కన్నా, నియమం గట్టిగా ఉండి, దాని కారణం చెప్పి, పిల్లవాడి మాట వినే ఇంట్లో పిల్లలు కుదురుగా ఎదుగుతారు. ఒరెగాన్‌లో జెరాల్డ్ ప్యాటర్సన్ ఇళ్లలోకి వెళ్లి గమనించింది దీనికి తోడు. పిల్లవాడు ఏడుస్తాడు, అమ్మ వద్దంటుంది. వాడు గొంతు పెంచుతాడు, ఆమె తట్టుకోలేక ఇచ్చేస్తుంది. వాడికి అరుపు గెలుస్తుందని తెలిసింది, ఆమెకి ఇచ్చేస్తే నిశ్శబ్దం దొరుకుతుందని తెలిసింది. మర్నాడు ఆమె ఒక దెబ్బ వేస్తుంది. ఒకనాడు లొంగడం, ఒకనాడు కొట్టడం. కఠినత్వం కన్నా ఈ నిలకడ లేనితనమే పిల్లల్ని ఎక్కువ చెడగొడుతుంది. చిన్న నియమమైనా సరే, సోమవారం ఉన్నది గురువారమూ ఉండాలి. అది పిల్లలకే కాదు, పెట్టిన పెద్దలకీ వర్తించాలి. అన్నం తినేటప్పుడు ఫోను వద్దంటే నాన్న ఫోను కూడా పక్కన పెట్టాలి.

పెద్దలు తమ తప్పుని ఎలా మోస్తారో యువతరం ఎంత శ్రద్ధగా చూస్తుందో 2019 ఏప్రిల్‌లో తెలంగాణలో తెలియాల్సింది. ఇంటర్ ఫలితాల్లో తప్పులు దొర్లాయి. ఒక అమ్మాయికి తెలుగులో 99 రావలసిన చోట సున్నా పడింది. ఆ రోజుల్లో ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. పొరపాట్లు జరిగాయని ప్రభుత్వం వేసిన కమిటీయే చెప్పింది. ఏటా లక్షల మంది పిల్లలకి మార్కులు వేసే వ్యవస్థకి ఆ ఏడు పరీక్ష పడితే, వేళ్లు ఒకరి మీద ఒకరు చూపించుకోవడమే ఎక్కువ కనిపించింది.

బెత్తం లాక్కున్నారన్న ఉపాధ్యాయుల కోపం ఉత్త మొండితనమని నేననను. స్వీడన్ 1979లో ఇంట్లో కూడా పిల్లల్ని కొట్టకూడదని ప్రపంచంలో మొట్టమొదట చట్టం చేసినప్పుడు, దానికి శిక్షలేమీ పెట్టలేదు. బదులుగా ఇంటింటికీ కరపత్రాలు పంపింది, పాల డబ్బాల మీద సైతం సమాచారం అచ్చు వేయించింది. కొట్టకపోతే ఏం చేయాలో చెప్పింది. ఇవాళ అరవైకి పైగా దేశాలు ఆ బాటలో ఉన్నాయి. మనం మాత్రం మాస్టారి చేతిలోంచి బెత్తం తీసుకుని, ఆ చేతిలో ఇంకేమీ పెట్టలేదు. తరగతి నిండా పిల్లలు, బోధనేతర పనులు, కుర్చీ విసిరిన కుర్రాడితో ఏం చేయాలో నేర్పని బీఈడీ. ఆయన చేతికి దొరికినవి రెండే: దొంగచాటుగా దెబ్బ, లేదా బహిరంగంగా గుంజీలు.

ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో బడులు మెగా పేరెంట్ టీచర్ మీటింగులు పెడుతున్నాయి. మొదటిది 2024 డిసెంబరు 7న జరిగింది. తెలంగాణ బడుల్లోనూ తల్లిదండ్రుల సమావేశాలు ఉన్నాయి. అక్కడ మార్కుల కాగితం చూసుకుని వచ్చేయకండి. మా పిల్లవాడు తప్పు చేస్తే మొదట ఏం చేస్తారు, రెండోసారి చేస్తే ఏం చేస్తారు, టీచరు తప్పు చేస్తే ఎవరికి చెప్పాలి అని అడగండి. రాసి గోడకి పెట్టమనండి. లేదంటే పాఠశాల యాజమాన్య కమిటీ కూర్చుని రాయవచ్చు. ఆ కమిటీ సభ్యుల్లో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులు, సంరక్షకులే ఉండాలని విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ చెబుతోంది.